డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో ఇంటరాక్టివ్ గ్రాఫులు: కృష్ణా పశ్చిమ డెల్టా ఉదాహరణలతో

కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకుని వాడే ప్రోగ్రామును డెస్క్‌టాప్ ప్రోగ్రాము అంటాం. దాని విండోలోనే అంకెలను గీతలుగా, చుక్కలుగా చూపించి, ఆ గీతను మౌసుతో దగ్గరికి లాక్కోవడానికి, పక్కకు జరపడానికి, ఒక ముక్కను ఎంచుకుని దాని లెక్క అడగడానికి వీలిచ్చేది ఇంటరాక్టివ్ గ్రాఫు. అచ్చయిన గ్రాఫులో గీసినవాడు ఎంచుకున్న కాలమే కనిపిస్తుంది. ఇక్కడ ఆ ఎంపిక చూసేవాడి చేతికి వస్తుంది. దాంతోపాటు ప్రోగ్రాము రాసేవాడిమీద ఒక బాధ్యత కూడా పడుతుంది: చూసేవాడు ఏ వైపుకు జరిపినా, ఎంత దగ్గరికి లాగినా, తెరమీద గీత అసలు అంకెలకు కట్టుబడి ఉండాలి. ఈ రంగంలోని సాంకేతిక సమస్యల్లో ఎక్కువ భాగం అక్కడినుంచే పుడతాయి.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఇందుకు కావలసిన ఉదాహరణలన్నీ దొరుకుతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన కృష్ణా పశ్చిమ డెల్టా నీరు తెనాలి పట్టణం మధ్యనుంచి కాలువలుగా చీలి సముద్రం వైపు పోతుంది. బాపట్లలో భారత వాతావరణ శాఖ కేంద్రం గాలి వేగం, పీడనం, వాన లెక్కలు నమోదు చేస్తుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ పగలు ఒకలా, తెల్లవారుజామున ఇంకొకలా ఉంటుంది. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో భూగర్భజలం ఉప్పదనం మీద అక్కడి వ్యవసాయ పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. ఇవన్నీ కాలంతో మారే అంకెలు. కొద్ది గంటలపాటు వచ్చిపోయే గరిష్ఠమో కనిష్ఠమో ఇక్కడి మనుషుల బతుకును తారుమారు చేస్తుంది కాబట్టి గ్రాఫులో అది మరుగున పడడానికి వీల్లేదు.

పూర్వరంగం

విలియం ప్లేఫెయిర్ ఆర్థిక లెక్కలను గీతలుగా గీసి 1786లో పుస్తకంగా తెచ్చారు. తర్వాత వాతావరణ కేంద్రాల్లో బారోగ్రాఫు వచ్చింది. తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితంమీద కలం తనంతట తానే పీడనాన్ని గీస్తూ పోయేది. ఆ కాగితం మీద తుపాను అంటే లోతుగా దిగి మళ్లీ లేచే ఒక లోయ. కాగితాన్ని పెద్దది చేసి చూడడం కుదరదు, రెండు కేంద్రాల కాగితాలను పక్కపక్కన పెట్టి కంటితో పోల్చుకోవలసిందే.

తెరమీది గ్రాఫును చేత్తో కదిలించే తొలితరం వ్యవస్థల్లో ఒకటి 1970ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రంలో జాన్ టూకీ, జెరోమ్ ఫ్రీడ్‌మన్, మేరీ ఆన్ ఫిషర్‌కెల్లర్ కలిసి ప్రిమ్-9 అనే వ్యవస్థను తయారుచేశారు. తొమ్మిది కొలతలున్న డేటాను తిప్పి, వేరుచేసి, మరుగుపరచి చూడడం అందులో సాధ్యమైంది. 1987లో రిచర్డ్ బెకర్, విలియం క్లీవ్‌లండ్ ఒక గ్రాఫులో కొన్ని చుక్కలను మౌసుతో ఎంచుకుంటే పక్క గ్రాఫుల్లో అవే చుక్కలు వెలిగే పద్ధతిని వివరించారు. నేటి లింకు గ్రాఫులకు అది ఒక ముఖ్యమైన పునాది. 1986లో వచ్చిన గ్నూప్లాట్, 1997 నుంచి విండోలు తయారుచేసే క్యూటీ ఉపకరణాల మీద నడుస్తున్న క్యూడబ్ల్యూటీ, 2000లో జావాకు వచ్చిన జేఫ్రీచార్ట్ ఈ వరసలో చెప్పుకోదగిన గ్రాఫు సాధనాలు.

పైథాన్‌లో పనిచేసేవారికి అందరికంటే దగ్గరివాడు జాన్ హంటర్. షికాగో విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్ర పరిశోధన చేస్తూ, మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను చూడడానికి ఆయన ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాము రాసుకున్నారు. దాని అవసరంకోసమే గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను మొదలుపెట్టి 2003లో విడుదల చేశారు. ఆయన 2012లో చిన్న వయసులోనే పోయారు. లైబ్రరీని ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. ఈ రోజు దాన్ని ఎక్కువమంది పరిశోధన పత్రాల్లో బొమ్మలకోసం వాడుతున్నా, పుట్టింది మాత్రం ఒక విండోలో కూర్చుని చేతికి స్పందించడానికే. లూక్ క్యాంపనోలా మొదలుపెట్టిన గ్రాఫుల లైబ్రరీ పైక్యూటీగ్రాఫ్ కూడా నాడీశాస్త్ర ప్రయోగశాల అవసరాలనుంచే వచ్చింది.

తెలుగునేల మీద ఇలాంటి తెరలముందు రాత్రింబవళ్లు కూర్చునేవారు ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రంలో ఎక్కడైనా పెద్ద భూకంపం వస్తే, సముద్రమట్టం కొలతల్లో నిజంగా అల కనబడుతోందా లేదా అన్నది అక్కడివాళ్లు గీతల్లో చూసి తేల్చుకోవాలి. శ్రీహరికోట ప్రయోగాల ప్రసారంలో ముందుగా లెక్కగట్టిన దారిని, రాకెట్టు నిజంగా పోతున్న దారిని ఒకే తెరమీద చూపించే గీతలు టీవీ చూసే ప్రతి తెలుగువాడికీ పరిచయమే.

విండోలోకి గ్రాఫు వచ్చే తీరు

విండోలో బటన్లు, మెనూలు ఎలా అమరుతాయో గ్రాఫు కూడా అలాగే ఒక విడ్జెట్‌గా అమరుతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫిగర్ అనే వస్తువు గీతల వివరాలను పట్టుకుంటుంది. కాన్వాస్ ఆ ఫిగర్‌ను క్యూటీ, జీటీకే, టీకే, డబ్ల్యూఎక్స్ విండోల్లో ఒకదానికి అతికిస్తుంది. రంగులు పూసే పనిని ఎక్కువగా యాగ్ అనే గీతల ఇంజను చేస్తుంది. జూమ్, జరపడం, భద్రపరచడం ఉన్న టూల్‌బార్‌ను విడిగా చేర్చుకోవచ్చు.

కొత్తగా నేర్చుకునేవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. పాఠ్యపుస్తకాల్లో, పాఠాల్లో కనిపించే పైప్లాట్ పద్ధతి తనంతట తాను విండోలు తెరిచి, తన జాబితాలో ఫిగర్లను దాచుకుంటుంది. సొంత విండో ఉన్న ప్రోగ్రాములో దాన్ని వాడితే రెండు పెత్తనాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. గ్రాఫు మూసినా ఫిగర్ జాబితాలోనే ఉండిపోయి మెమరీ పెరుగుతూ పోతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములో ఫిగర్‌ను నేరుగా తయారుచేసి కాన్వాస్‌కు ఇవ్వాలి, పైప్లాట్ జోలికి పోకూడదు.

విండో ప్రోగ్రాములన్నిటికీ గుండెలాంటిది ఈవెంట్ లూప్. మౌసు కదలిక, కీబోర్డు నొక్కు, తెరను మళ్లీ గీయమనే ఆదేశం, అన్నీ ఒకే వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి తీరుతాయి. గీయడానికి అర సెకను పడితే ఆ అర సెకనూ ప్రోగ్రాము మొత్తం బిగుసుకుపోతుంది. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే ఒక్కోసారికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. అంత వేగం అన్నిచోట్లా అవసరం లేదు గాని, మౌసు కదిలాక సెకనులో పదోవంతు లోపల గీత కదలకపోతే చేతికీ కంటికీ మధ్య సంబంధం తెగినట్టవుతుంది.

అందుకే కొత్త అంకె వచ్చిన ప్రతిసారీ గ్రాఫును చెరిపి మొదటినుంచి గీయకూడదు. ఉన్న గీతకు కొత్త డేటా అందించి, ఖాళీ దొరికినప్పుడు గీయమని చెప్పాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సెట్_డేటా, డ్రా_ఐడిల్ ఉన్నది ఇందుకే. మౌసు వెంట కదిలే నిలువు గీతలాంటి వాటికి ఇంకో మార్గం ఉంది. కదలని నేపథ్యాన్ని ఒక బొమ్మగా దాచుకుని, కదిలే భాగాన్ని మాత్రం దానిమీద గీస్తారు. దీన్ని బ్లిటింగ్ అంటారు.

శిఖరం పోకూడదు

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు దిగువకు పోయింది. అంతకుముందు 2009 అక్టోబరు వరదలో అది సుమారు 11.1 లక్షలు. దిగువన కొల్లూరు, భట్టిప్రోలు మొదలు రేపల్లె వరకు లంక గ్రామాలవాళ్లకు ముఖ్యం ఆ గరిష్ఠం ఎంత, అది ఎన్ని గంటలు నిలిచింది అన్న రెండు ప్రశ్నలే. సంవత్సరపు సగటు వాళ్లకు పనికిరాదు.

ఇప్పుడు నిమిషానికొక కొలత చొప్పున ఏడాది డేటా ఉందనుకుందాం. అది 5,25,600 చుక్కలు. తెర వెడల్పు 1,920 పిక్సెళ్లు. ఏడాది మొత్తాన్ని ఒకేసారి చూపిస్తే ఒక్కో పిక్సెల్ నిలువు వరసలోకి సుమారు 274 నిమిషాల డేటా, అంటే నాలుగున్నర గంటలది, వచ్చి పడుతుంది. అన్ని చుక్కలనూ గీయడం వృథా, నెమ్మది కూడా. తగ్గించక తప్పదు. ఎలా తగ్గించామన్నదే గ్రాఫు నిజాయతీని తేలుస్తుంది.

అన్నిటికన్నా సులువైన దారి, 274 చుక్కలకొకటి తీసుకుని మిగతావి వదిలేయడం. గంటసేపు నిలిచిన శిఖరం ఆ రెండు చుక్కల మధ్య ఇరుక్కుంటే గ్రాఫులో అది ఉండనే ఉండదు. సగటు తీసుకుంటే శిఖరం ఉంటుంది గాని పొట్టిదవుతుంది. అన్నిటికంటే ప్రమాదం ఇదే. చూడడానికి గీత నున్నగా, నమ్మదగినదిగా ఉంటుంది, చూపించే అంకె మాత్రం తప్పు. సరైన దారి, ఒక్కో పిక్సెల్ వరసలో కనిష్ఠాన్నీ గరిష్ఠాన్నీ రెండింటినీ నిలుపుకోవడం. 5,25,600 చుక్కలు 3,840కి తగ్గుతాయి, ఒక్క శిఖరమూ పోదు. పైక్యూటీగ్రాఫ్‌లో డౌన్‌శాంప్లింగ్‌కు పీక్ అనే పద్ధతి ఉన్నది అచ్చం దీనికే. దాంతోపాటు తెరలో కనిపించే భాగానికే డేటాను కత్తిరించే ఏర్పాటునూ వాడితే లక్షల చుక్కలైనా మౌసు వెంట సాఫీగా కదులుతాయి. దగ్గరికి లాగినకొద్దీ లెక్క మళ్లీ వేసుకుని, చివరకు అసలు కొలతలే కనబడతాయి.

2013లో ఐస్‌లండ్ విశ్వవిద్యాలయంలో స్వెయిన్ స్టెయినార్సన్ తన సిద్ధాంతవ్యాసంలో త్రిభుజాల వైశాల్యం ఆధారంగా చుక్కలను ఎంచే పద్ధతిని ప్రతిపాదించారు. తక్కువ చుక్కలతో గీత ఆకారాన్ని అందంగా నిలబెట్టడంలో దానికి మంచి పేరుంది, చాలా లైబ్రరీల్లో చేరింది. అయినా ప్రతి శిఖరమూ నిలుస్తుందని అది హామీ ఇవ్వదు. వరద, తుపాను డేటాకు కనిష్ఠ–గరిష్ఠ పద్ధతినే ఎంచుకోవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందం కాస్త తగ్గినా ఫర్వాలేదు.

శిఖరంలాగే ఖాళీ కూడా డేటాయే. తుపాను తీరం దాటే గంటల్లో కరెంటు పోయి పరికరం ఆగిపోతే, ఆగకముందు చివరి చుక్కనూ మళ్లీ మొదలైన తొలి చుక్కనూ చాలా లైబ్రరీలు నేరుగా గీతతో కలిపేస్తాయి. పీడనం నింపాదిగా దిగి నింపాదిగా లేచిందని ఆ గీత చెబుతుంది. అసలు ఆ సమయంలో ఏం జరిగిందో ఎవరూ కొలవలేదు. కొలత లేనిచోట అంకె కాని విలువను నింపి, గీతను అక్కడ తెంపాలి.

ఇంకొక లోపం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. వేగంకోసం గ్రాఫిక్స్ కార్డుమీద గీసే లైబ్రరీలు 32 బిట్ల దశాంశ సంఖ్యలు వాడతాయి. కంప్యూటర్లు 1970 నుంచి లెక్కపెట్టే సెకన్ల సంఖ్య ఇప్పుడు 170 కోట్లు దాటింది. అంత పెద్ద సంఖ్యను 32 బిట్లలో పెడితే 128 సెకన్లకంటే చిన్న తేడా నిలవదు. దూరంనుంచి గీత బాగానే ఉంటుంది, దగ్గరికి లాగేసరికి చుక్కలన్నీ రెండేసి నిమిషాల మెట్లమీద గుంపుగా కూర్చుంటాయి. కాలంనుంచి ఒక మొదటి క్షణాన్ని తీసివేసి, మిగిలిన చిన్న సంఖ్యను కార్డుకు పంపితే ఈ చిక్కు తీరుతుంది.

గీతను అడిగే ప్రశ్నలు

జూమ్ చేయడం, జరపడం కనీస సౌకర్యాలు. ఇంటరాక్టివ్ గ్రాఫు అసలు ఉపయోగం గీతలో ఒక ముక్కను పట్టుకుని లెక్క అడగడంలో ఉంది. నీటిపారుదల వాళ్లు ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో, నిల్వను టీఎంసీల్లో మాట్లాడతారు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. అంటే ప్రవాహపు గీత కింది వైశాల్యమే టీఎంసీలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో స్పాన్ సెలెక్టర్, పైక్యూటీగ్రాఫ్‌లో లీనియర్ రీజియన్ ఐటమ్ వాడి, మౌసుతో రెండు క్షణాల మధ్య పట్టీ లాగగానే ఆ మధ్యలో ఎన్ని టీఎంసీలు సముద్రంలోకి పోయాయో పక్కనే చూపించవచ్చు. 11.43 లక్షల క్యూసెక్కులు ఇరవైనాలుగు గంటలూ నిలిస్తే దాదాపు 99 టీఎంసీలు. గీతను చూస్తూ ఉండగా ఇది తేలడం వేరు, ఎక్సెల్ షీటులో తర్వాత లెక్కవేసుకోవడం వేరు. పట్టీ అంచును కొంచెం జరిపితే అంకె ఎంత మారుతుందో చేతికే తెలుస్తుంది.

ఈ లెక్కలో ఒక నియమం ఉంది. వైశాల్యాన్ని తెరమీద గీసిన 3,840 చుక్కలనుంచి కాక, వెనక ఉన్న అసలు 5,25,600 కొలతలనుంచి తీయాలి. తెరకోసం తగ్గించిన డేటా కంటికి మాత్రమే.

రెండో ముఖ్య సౌకర్యం లింకు చేసిన అక్షాలు. తీవ్ర తుపాను మిచాంగ్ 2023 డిసెంబరు 5న మధ్యాహ్నం 12.30–2.30 మధ్య బాపట్లకు దగ్గరలో తీరం దాటింది. గంటకు 90–100 కిలోమీటర్ల గాలులు వీచాయి. పీడనం, గాలి వేగం, వాన మూడింటినీ మూడు గ్రాఫులుగా ఒకదానికింద ఒకటి పెట్టి, కాలపు అక్షాన్ని మూడింటికీ ఒకటే చేస్తే, ఒకదాన్ని జరిపినప్పుడు మిగతా రెండూ జరుగుతాయి. పీడనం అడుగుకు చేరిన క్షణంలో గాలి ఏం చేస్తోందో నిలువు గీత ఒకటి మూడు గ్రాఫులనూ కోస్తూ చూపిస్తుంది. ఇవే అంకెలను ఒకే గ్రాఫులో మూడు రంగుల్లో, ఎడమ కుడి అక్షాలతో కుక్కడం ఆఫీసు నివేదికల్లో తరచు కనిపిస్తుంది. అక్షాల కొలమానాలు మార్చి ఏ రెండు గీతలనైనా కలిసి నడుస్తున్నట్టు చూపించవచ్చు కాబట్టి ఆ పద్ధతికి దూరంగా ఉండడం మేలు.

అప్పటికప్పుడు వచ్చే డేటా

రొయ్యల చెరువులో పగలు ఎండకు నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి నాచూ, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. మధ్యాహ్నం గరిష్ఠం, తెల్లవారకముందు కనిష్ఠం. ఆ కనిష్ఠం గండం దాటేలా రైతులు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతారు. చెరువులో సెన్సరు పెట్టి దాన్ని గట్టుమీది షెడ్డులో కంప్యూటరుకు కలిపితే కావలసింది రెండు: ఇప్పుడు ఎంత ఉంది, ఎంత వేగంగా పడిపోతోంది. రెండోది గీత వాలులోనే ఉంది. నిన్నటి రాత్రి గీతను లేత రంగులో వెనక ఉంచితే, ఈ రాత్రి దానికంటే ముందుగా పడుతోందా అన్నది చూపుకే తేలుతుంది.

ఇంజనీరింగ్ విద్యార్థుల సెన్సర్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా జారిపడే చోటు ఇదే. సీరియల్ పోర్టునుంచి అంకె వచ్చేదాకా ఎదురుచూసే కోడును విండో నడిచే పనుల వరస అయిన ప్రధాన థ్రెడ్‌లోనే రాస్తారు, విండో బిగుసుకుపోతుంది. సరిచేద్దామని డేటా చదివే థ్రెడ్‌ను వేరుచేసి, ఆ థ్రెడ్ నుంచే గ్రాఫును గీయిస్తారు, ఇప్పుడు ప్రోగ్రాము ఉన్నట్టుండి కూలిపోతుంది. క్యూటీ, టీకే లాంటి వాటిలో విడ్జెట్లను ముట్టుకోవలసింది ప్రధాన థ్రెడ్ ఒక్కటే. చదివే థ్రెడ్ అంకెను క్యూటీ సిగ్నల్ ద్వారానో, ఒక క్యూ ద్వారానో ప్రధాన థ్రెడ్‌కు అందించాలి. అది టైమరు కొట్టినప్పుడు, సెకనుకు పదీ ఇరవై సార్లు, అప్పటిదాకా పోగైనవన్నీ ఒక్కసారి గీయాలి. సెన్సరు వేగమూ తెర వేగమూ ఒకదానికొకటి కట్టుబడి ఉండనక్కర్లేదు. వచ్చిన ప్రతి అంకె డిస్కుమీద చేరితే చాలు.

చూసేవాడు పాత డేటాను దగ్గరికి లాగి చూస్తున్నప్పుడు కొత్త అంకె వచ్చిందని గ్రాఫును బలవంతంగా ముందుకు ఈడ్చకూడదు. అతను తిరిగి కుడి అంచుకు వచ్చాకే గ్రాఫు మళ్లీ కాలంతో నడవాలి. చిన్న విషయమే అయినా వాడేవాళ్ల సహనాన్ని ఎక్కువగా పరీక్షించేది ఇదే.

కాలం, లక్షలు, తెలుగు అక్షరాలు

వాతావరణ డేటా అంతర్జాతీయంగా యూటీసీ కాలంలో నడుస్తుంది, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. మిచాంగ్ తీరం దాటిన మధ్యాహ్నం 12.30 యూటీసీలో ఉదయం 7.00. పీడనం ఒక కాలంలో, వాన మరో కాలంలో ఉన్న ఫైళ్లను చూడకుండా కలిపితే తుపాను రెండుసార్లు వచ్చినట్టుంటుంది. డేటాను యూటీసీలో దాచి, అక్షంమీద మాత్రం భారత కాలాన్ని చూపించడం పాటించదగిన పద్ధతి. వానకు ఇంకో మెలిక ఉంది. మన దేశంలో రోజువారీ వర్షపాతం ఉదయం 8.30కి కొలుస్తారు. ఐదో తేదీ వాన అంటే నాలుగు ఉదయం 8.30 నుంచి ఐదు ఉదయం 8.30 వరకు పడినది. దాన్ని ఐదో తేదీ అర్ధరాత్రి నుంచి మొదలయ్యే కడ్డీగా గీస్తే పదిహేనున్నర గంటలు పక్కకు జరుగుతుంది.

అంకెల సంగతికొస్తే, లైబ్రరీలన్నీ మిలియన్లలో ఆలోచిస్తాయి. 11,43,000 క్యూసెక్కులను అక్షంమీద 1.143 అని రాసి, పైన మూలలో పది ఘాతం ఆరు అని చిన్నగా పెడతాయి. బ్యారేజీ దగ్గర ఇంజనీరు గాని, లంకలో రైతు గాని ఆ మూలకేసి చూడరు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫంక్ ఫార్మాటర్‌తో, పైక్యూటీగ్రాఫ్‌లో అక్షపు టిక్ స్ట్రింగ్స్‌ను తిరగరాసి, 11.43 లక్షలు అని చూపించడానికి పది వరసల కోడు చాలు. మొదటి, రెండో ప్రమాద హెచ్చరికల ప్రవాహాన్ని అడ్డ గీతలుగా చేరిస్తే అంకె చదవకుండానే పరిస్థితి తెలుస్తుంది.

తెలుగు లేబుళ్లు వేరే సమస్య. మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలాకాలం ఒక్కో కోడుకు ఒక్కో బొమ్మ చొప్పున వరసగా పేర్చే పద్ధతినే అనుసరించింది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు పక్క అక్షరంతో కలిసి రూపం మార్చుకుంటాయి కాబట్టి బాపట్ల, రేపల్లె, కృష్ణా లాంటి పేర్లు ఆ పద్ధతిలో విడివిడి ముక్కలుగా పడతాయి. క్యూటీ తన అక్షరాలను హార్ఫ్‌బజ్ అనే ఇంజనుతో కూర్చుతుంది, అందువల్ల దానిమీద నడిచే పైక్యూటీగ్రాఫ్, క్యూకస్టమ్‌ప్లాట్ లాంటి వాటిలో తెలుగు సరిగ్గానే వస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌నే వాడవలసి వస్తే, ర్యాక్మ్ అక్షర కూర్పు ఉన్న ఎంపీఎల్‌కైరో బ్యాకెండ్ ఒక పరిష్కారం. ఫాంటునూ ప్రోగ్రాముతోపాటే ఇవ్వాలి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో తెనాలి రామకృష్ణ పేరుతో ఒకటుంది, అది శీర్షికలకు బాగుంటుంది. అక్షంమీది చిన్న అక్షరాలకు మండలి గాని, నోటో శాన్స్ తెలుగు గాని నయం.

ఏది ఎంచుకోవాలి

మ్యాట్‌ప్లాట్‌లిబ్ బొమ్మలు అచ్చుకు పనికొచ్చేంత నాణ్యంగా ఉంటాయి, రకరకాల గ్రాఫులున్నాయి, పదివేల చుక్కల దాకా ఇబ్బంది లేదు. నిరంతరం పారే డేటాకు, లక్షల చుక్కలకు పైక్యూటీగ్రాఫ్ మేలు. దానిలో గీత మందాన్ని ఒక పిక్సెల్ దాటిస్తే వేగం బాగా తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి. సీ ప్లస్ ప్లస్‌లో క్యూకస్టమ్‌ప్లాట్, క్యూడబ్ల్యూటీ, డాట్‌నెట్‌లో స్కాట్‌ప్లాట్, ఆక్సీప్లాట్ ఉన్నాయి. లైసెన్సులను మొదటే చూసుకోవాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ది బీఎస్‌డీ తరహా, పైక్యూటీగ్రాఫ్‌ది ఎంఐటీ. క్యూకస్టమ్‌ప్లాట్, క్యూటీ చార్ట్స్, క్యూటీని పైథాన్‌లో వాడనిచ్చే పైక్యూటీ మూడూ జీపీఎల్ (కోడును బయటపెట్టమనే షరతున్నది) లేదా డబ్బు కట్టే లైసెన్సు. కోడును బయటపెట్టకుండా అమ్ముకోవాలనుకునేవారు పైక్యూటీ బదులు ఎల్‌జీపీఎల్ కింద దొరికే పైసైడ్‌ను ఎంచుకోవచ్చు.

ప్లాట్లీ లాంటి వెబ్ గ్రాఫులను క్యూటీ వెబ్ఇంజన్ ద్వారా విండోలో చూపించడం ఈ మధ్య బాగా పెరిగింది. పని త్వరగా అవుతుంది, గ్రాఫులూ చూడముచ్చటగా ఉంటాయి. వెనక మొత్తం ఒక బ్రౌజరే నడుస్తుంది కాబట్టి ప్రోగ్రాము బరువెక్కుతుంది. రెండు గండాలున్నాయి. ప్లాట్లీ ఫైలును ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేలా పేజీ తయారుచేస్తే నెట్ లేనిచోట తెర తెల్లగా మిగులుతుంది. ఆ ఫైలును పేజీలోనే చేర్చి సెట్‌హెచ్‌టీఎంఎల్‌తో ఇస్తే, ఆ ఫంక్షను రెండు మెగాబైట్లకు మించినదాన్ని తీసుకోదు కాబట్టి అప్పుడూ తెల్లగానే మిగులుతుంది. పేజీని డిస్కుమీద ఫైలుగా రాసి దాన్ని తెరవడమే మార్గం. తుపాను రాత్రి తీరాన ఉన్న నిజాంపట్నంలోనో సూర్యలంకలోనో ముందు పోయేవి కరెంటు, ఫోను, నెట్. బ్యాటరీమీద నడిచే ల్యాప్‌టాప్‌లో, దాని డిస్కుమీదే ఉన్న డేటాతో గ్రాఫు తెరుచుకోవాలంటే ప్రోగ్రామును మొదటినుంచీ నెట్ లేదనుకునే రాయాలి, రాశాక వైఫై ఆపేసి ఒకసారి నడిపి చూడాలి.